నీళ్ళ మావకి నేను రాసిన టైంటేబిల్

బరంపురం గేట్ బజార్‌లో బట్టల దుకాణాల వరస దాటాక ఒక మేడ మీద గుండె డాక్టరమ్మ కూర్చుంటుంది. చిన్న వయసు. ఒడియా అమ్మాయి. నన్ను మౌసా, అంటే బాబాయ్, అని పిలుస్తుంది. మూడు నెలలకొకసారి వెళ్ళి రక్తపోటు చూపించుకుని, ఆ అంకెలు ఇంటికి రాగానే డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. క్రితంసారి వెళ్ళినప్పుడు ఆమె ఒక అచ్చు కాగితం ముందు పెట్టుకుని వరసగా ప్రశ్నలు అడిగింది. ఉప్పు ఎంత తింటారు, పొగాకు అలవాటుందా, నిద్ర ఎన్ని గంటలు, మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాను. ఆఖరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఉద్యోగం చేసే రోజుల్లో మీ పని ఎప్పుడు, ఎలా చెయ్యాలో మీరే అనుకుని చేసేవారా, లేకపోతే ఇంకొకరు చెప్పింది చెప్పినట్టు చేసేవారా అని అడిగింది.

దానికీ గుండెకీ సంబంధమేమిటన్నాను. పని ఎక్కువైతే గుండెకి చేటని అందరూ అనుకుంటారు, కానీ పని నెత్తిన పడుతూ ఉండి, ఆ పనిలో తన మాట చెల్లకపోతే ఆ చేటు ఇంకా ఎక్కువని చాలామంది డాక్టర్లు అంటున్నారని చెప్పింది. అంటున్నారా, తేలిందా అని అడిగాను. ఆమె నవ్వి, మనిషి మనిషికీ తేడా ఉంటుంది మౌసా, ఫలానా మనిషికి ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు అంది.

జవాబు తరవాత చెప్తానని లేచి వచ్చేశాను. ఆ ప్రశ్న వినగానే నాకు నా ఉద్యోగం గుర్తు రాలేదు. భుజాన ఇనప కడ్డీ వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి కట్టి, వీధి మధ్యలో గొంతుక్కూర్చున్న ఒక మనిషి గుర్తొచ్చాడు. మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా నా చెప్పులు డాక్టరమ్మ గుమ్మం దగ్గరే ఉండిపోయాయని తెలియలేదు.

బరంపురానికి బస్సులో గంటన్నర దూరంలో ఒక చిన్న ఊరు. పేరు ఎందుకు లెండి. సగం వీధులు ఒడియా వాళ్ళవి, సగం తెలుగు వాళ్ళవి. అక్కడ నీటి సరఫరా ఆఫీసులో నేను హెడ్ క్లర్కుని. మా వైపు హెడ్ క్లర్కుని బడబాబు అంటారు. నాకు గుర్తొచ్చిన ఆ మనిషి మా ఆఫీసులో వాల్వులు తిప్పేవాడు. ట్యాంకు నుంచి వీధులకు వెళ్ళే గొట్టాల మీద, వీధికొకటి చొప్పున, భూమిలో పద్నాలుగు వాల్వులు ఉండేవి. ట్యాంకులో నీళ్ళు ఊరంతటికీ ఒకేసారి చాలవు గనక ఒక వీధికి కట్టేసి ఇంకో వీధికి వదలాలి. అందుకు ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ ఒకటి ఉండేది, పైన అడ్డంగా పిడి. దాన్ని కీ అనేవాళ్ళం. మూత తీసి, కీని వాల్వు తల మీద కూర్చోబెట్టి, గానుగ తిప్పినట్టు తిప్పాలి.

అతన్ని తెలుగు వీధుల్లో నీళ్ళ మావ అనేవారు, ఒడియా వీధుల్లో పాణి భాయ్ అనేవారు. తిప్పేటప్పుడు చుట్లు పైకి లెక్కపెట్టేవాడు. తెలుగు వీధిలో ఒకటి, రెండు, మూడు. ఒడియా వీధిలో ఏక, దుయి, తిని. ఏదో ఒక భాషలో లెక్కపెట్టొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "వాల్ల నీల్లు వాల్ల బాసలో ఒగ్గితే అనుమానం ఉండదు బాబూ," అన్నాడు.

తిప్పడం అయ్యాక కీ పిడికి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళు వీధి చివరి ఇంటిదాకా చేరాయో లేదో ఆ కడ్డీలోంచి వినిపిస్తుందనేవాడు. నేనూ ఒకనాడు చెవి పెట్టి చూశాను. తుమ్మెద రొద లాంటిది తప్ప నాకేమీ తెలియలేదు. అతను నా మొహం చూసి నవ్వుకున్నాడు.

అతను పుట్టింది రంభలో, చిలికా సరస్సు ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. పెళ్ళయ్యాక ఈ ఊరు వచ్చాడు. అంతకు మించి అతని చరిత్ర నాకు తెలియదు. ఎవరేమి అడిగినా అతని నోట మొదట వచ్చే మాట "సూద్దారి", చూద్దాంలే అని. మా ఇంట్లో పెళ్ళిచూపులున్నాయి, పొద్దున్నే నీళ్ళు కావాలంటే సూద్దారి. ఆఫీసరుగారి బంగళాకి రెండు పూటలా నీళ్ళు రావాలని నేను చెప్తే, దానికీ సూద్దారే. తరవాత ఏ వీధికి ఎంత తగ్గించేవాడో, ఎక్కడ కలిపేవాడో, సాయంకాలానికి చాలామంది బిందెలు నిండేవి. కొన్ని నిండేవి కావు. ఆ కొందరే తిట్టేవారు.

ఆ తిట్లు అతనికి ఆనేవి కావని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఒకసారి మా వీధి కుళాయి దగ్గర ఒకావిడ ఖాళీ బిందె చంకనెత్తుకుని అతనికి అడ్డం నిలబడింది.

"మావా, మా ఈదంటే నీకేటి పగ? కులాయి దగ్గుతంది గానీ నీల్లు రాటం నేదు."

"దగ్గనీవే కోడలా. దగ్గి దగ్గి ఉమ్మేత్తాది. నువ్వు బిందె ఒంచకుండా అట్టుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆవిడా నవ్వింది. అతను వెనక్కి వెళ్ళి వాల్వు ఇంకో రెండు చుట్లు తిప్పి వచ్చాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఒక వేసవిలో వానలు ఆలస్యమై ట్యాంకు అడుగంటింది. తెలుగు వాళ్ళ వీధులకే నీళ్ళు పోతున్నాయని ఒడియా వీధులవాళ్ళూ, ఒడియా వీధులకే పోతున్నాయని తెలుగు వాళ్ళూ మా ఆఫీసుకి అర్జీలు పెట్టారు. ఒకరోజు పదిమంది ఆఫీసు వరండాలో అతన్ని చుట్టుముట్టారు. ఒకతను చొక్కా పట్టుకున్నాడు. అతను ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఊడిన గుండీ నేల మీద వెతుక్కున్నాడు. నాకు జాలేసింది. ఈ మనిషి మీద ఉన్న బరువు కీ మొయ్యడం కాదు, ఎవరికి ఎంత అని తేల్చడం, ఆ తేల్చే పని ఇతని మీద నుంచి తీసేస్తే ఇతను సుఖపడతాడు అనుకున్నాను. ఈ మాట ఆనాటి డైరీలో ఇలాగే ఉంది.

మూడు వారాలు కష్టపడ్డాను. పద్నాలుగు వీధులకీ స్వయంగా వెళ్ళి, మొదటి ఇంట్లో బిందె నిండడానికి ఎంతసేపు, ఆఖరి ఇంట్లో ఎంతసేపు అని వాచీ పట్టుకుని చూశాను. ఇళ్ళ లెక్క వేశాను. ఏ వీధికి ఎన్ని గంటలకి వదలాలి, ఎన్ని గంటలకి కట్టాలి అని నిమిషాలతో సహా పట్టిక రాశాను. పై ఆఫీసరు చూసి మెచ్చుకుని సంతకం పెట్టారు. వీధికో పుస్తకం పెట్టాం, వాల్వు తెరిచిన వేళ, కట్టిన వేళ రాసి పక్కింటివాళ్ళ చేత సంతకం తీసుకోవాలి. అతనికి ఆఫీసు తరఫున ఒక చేతి గడియారం ఇప్పించాను. అంత న్యాయంగా ఉన్న కాగితం నా ఉద్యోగంలో అంతకు ముందు నేను రాయలేదు. ఆ మాట ఇప్పటికీ అనగలను.

పట్టిక అతని చేతిలో పెట్టి, ఇకనుంచి నిన్ను ఎవరూ ఏమీ అనలేరు, ఎవరడిగినా ఇది చూపించు అన్నాను. అతను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"మరి నాను ఏటి సెయ్యాల బాబూ?"

"ఇందులో ఉన్నట్టు తిప్పడమే."

"ఆగ్యా," అన్నాడు.

మా వైపు ఆఫీసుల్లో కింది ఉద్యోగి పై ఉద్యోగికి చిత్తం అని చెప్పే ఒడియా మాట అది. అందరూ అనేదే. అతని నోట మాత్రం నేను వినడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఏం చెప్పినా ఆగ్యాయే తప్ప సూద్దారి వినపడలేదు. మనిషి దారికొచ్చాడనుకుని సంతోషించాను.

తిట్లు తగ్గలేదు. అది నా లెక్కలో లేని సంగతి. నీళ్ళు ఉన్నవే అన్ని, వేసవి వేసవే. కాకపోతే ఇదివరకు ఎవరైనా తిడితే అతను ఒక చలోక్తి విసిరి, వెనక్కి వెళ్ళి రెండు చుట్లు తిప్పేవాడు. ఇప్పుడు జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి చూపించేవాడు. నీ కాగితం నీళ్ళిస్తుందా అని వాళ్ళు ఇంకో నాలుగు తిట్టేవారు. అతను నిలబడి వినేవాడు.

ఒకనాడు పొద్దున్న కరెంటు పోయి ట్యాంకులోకి నీళ్ళు సరిగా ఎక్కలేదు. పట్టిక ప్రకారం ఆరున్నరకి అయిదో వీధి. అతను ఆరున్నరకి వాల్వు తిప్పాడు. కుళాయిల్లో గాలి తప్ప ఏమీ రాలేదు. వీధి వీధంతా బయటికొచ్చి అరుస్తుంటే, కట్టే వేళ అయ్యేదాకా నలభై నిమిషాలు ఆ వాల్వు పక్కనే నిలబడ్డాడు. అరగంట ఆగి తిప్పితే నీళ్ళొచ్చేవని అతనికి తెలుసు. ఆ మాట తరవాత నాతోనే అన్నాడు. మరి ఎందుకు ఆగలేదని అడిగితే, కాగితంలో ఆరున్నర అని ఉంది కదా బాబూ అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఆనాటి డైరీ పేజీలో నేను రాసుకున్నది ఇది: నీళ్ళ మావ క్రమశిక్షణ బాగుంది.

చుట్లు పైకి లెక్కపెట్టడం ఎప్పుడు మానేశాడో రాసుకోలేదు. కడ్డీకి చెవి ఆనించడం కూడా. గుర్తుపెట్టుకోవలసినవని తోచలేదు. అతను ఎడం చేత్తో ఛాతీ రుద్దుకోవడం మాత్రం రాశాను. ఆ ఏడు చలికాలంలో ఒక పొద్దుట తొమ్మిదో వాల్వు దగ్గర కీ పట్టుకునే కూలబడ్డాడు. ఆ వీధివాళ్ళే, అంతకు ముందు రోజు తిట్టినవాళ్ళే, జీపు మాట్లాడి బరంపురం తీసుకెళ్ళారు. గుండె జబ్బన్నారు. మూడు వారాలకి తిరిగొచ్చాడు. ఆసుపత్రిలో ఎవరో మన గుండెలోనూ వాల్వులుంటాయని చెప్పారట. అతను నమ్మలేదు. ఉంటే ఇన్నాళ్ళకి వినిపించకపోతాయా అన్నాడు.

బరువు ఎత్తకూడదు, ఎండలో తిరగకూడదు అని డాక్టర్లు కాగితం రాసిచ్చారు. నేను అతన్ని ఆఫీసులో మంచినీళ్ళ కుండ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. జీతం అదే, పని లేదు. కీ ఇంకొకతనికి ఇచ్చాం. అంతకంటే మంచి ఏర్పాటు ఏ ఆఫీసులోనూ చెయ్యరు.

నాలుగు నెలలు కూర్చున్నాడు. కాళ్ళు వాచాయి. మాట తగ్గిపోయింది. కొత్తతను కీ భుజాన వేసుకుని బయల్దేరగానే ఇతని కళ్ళు గోడ గడియారం మీదికి పోయేవి. "ఇప్పుడు పదకొండో ఈదిలో బురద నీల్లొస్తాయి," అని ఎవరితోనూ కాకుండా అనేవాడు. కాసేపటికి పదకొండో వీధి నుంచి ఎవరో గిన్నెలో బురదనీళ్ళు పట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టేవారు. ఆ నాలుగు నెలల్లో అతను ఛాతీ రుద్దుకోవడం ఆరుసార్లు రాశాను. కీ మోసిన చివరి నాలుగు నెలల్లో రాసింది మూడుసార్లే. కుర్చీలో ఉన్నవాణ్ణి నేను రోజంతా చూస్తాను గనక ఆ లెక్క ఎక్కువ వచ్చిందా? ఈ అనుమానం అప్పుడు రాలేదు, ఇప్పుడు డైరీలు తిరగేస్తుంటే వచ్చింది.

ఒకనాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక అతను లేచి నా బల్ల దగ్గరికొచ్చాడు.

"బాబూ, నన్ను కుర్సీలోంచి లెగదీయండి. కీ ఇచ్చీండి."

డాక్టరు కాగితం ఫైలులో ఉందని చెప్పాను.

"మా అయ్య సిలికాలో వల ఏసేవోడు. గాలి సూసుకుని, నీటి రంగు సూసుకుని ఏసేవోడు. ఒకోపాలి ఏటీ పడేది కాదు. ఊరంతా నవ్వేది, మాయమ్మ తిట్టేది. అయినా ఇంత కూడు తిని తొంగునేవోడు. ఏసినోడు ఆయినే కదా మరి. నాను ఎయ్యని వలకి నన్ను తిడతన్నారు బాబూ. ఆరు నెల్లు తిట్టినారు. నాకాడ సమాదానం నేదు."

నేను ఆలోచించి చెప్తానన్నాను. ఆ సాయంకాలమే అతని భార్య మా ఇంటి అరుగు దగ్గరికొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మా ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన మాట ఇనకండి బాబూ. ఆ కీ మోసే పడిపోనాడు. మీరు సల్లగా కూకోబెట్టినారు, అలాగే ఉంచీండి. నాకు మనిసి ఉంటే సాలు."

అలాగేనమ్మా అని పంపించాను. రెండు రోజులు నిద్రలేదు. మూడో రోజు అతనికి కీ ఇచ్చాను.

ఎందుకిచ్చానో సరిగా చెప్పలేను. డైరీలో ఆ రోజు కింద ఒకటే వాక్యం ఉంది: కీ ఇచ్చితిని. నిజానికి నాకు ఆ అధికారం లేదు. దూరపు వీధులు కొత్తతనికి ఉంచి, దగ్గరివి ఏడు ఇతనికి అప్పగించాను. అక్కడితో ఆగలేదు. నీకు తోచినట్టు వదులు, పుస్తకంలో పక్కింటివాళ్ళ సంతకం మాత్రం తీసుకో, వేళలు నేను రాస్తాను అన్నాను. అతను ఈసారి ఆగ్యా అనలేదు. నా మొహం కాసేపు చూసి కీ భుజానికెత్తుకున్నాడు.

అలా ఏడాదిన్నర. ఏడు వీధుల పుస్తకాల్లోనూ నా చేత్తో, నా పట్టిక ప్రకారం, నిమిషం తేడా లేకుండా వేళలు రాశాను. అసలు వేళలు అతన్నడిగి నా డైరీలో రాసుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాలన్నీ ఆ ఏడు పుస్తకాల్లోనే ఉన్నాయి. పై ఆఫీసరు ఎప్పుడైనా వచ్చి ఒక పుస్తకం తెరిస్తే నేను ఇంకో ఫైలు తీసి ఆయన ముందు పెట్టేవాణ్ణి. నాకు రక్తపోటు ఉందని మొదటిసారి తేలింది ఆ ఏడాదే. నా అంతట నేను అనుకుని చేసిన పని ఉద్యోగంలో అప్పటిదాకా అదొక్కటే. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం అది నాకు మేలు చెయ్యాలి కదా. చెయ్యలేదు.

అతను మాత్రం బాగుపడ్డట్టే కనిపించాడు. వాపు తీసింది. ఏక, దుయి, తిని మళ్ళీ వీధిలో వినిపించింది. తిట్లూ వినిపించాయి, వాటికి జవాబులూ వినిపించాయి. నీకు జబ్బు చేసి బుద్ధొచ్చింది మావా, నీళ్ళు బాగా వదులుతున్నావు అని ఒకావిడ అంటే, జబ్బు మీ ఈదిలోనే తగిలింది, అందుకే మీకు రెండు సుట్లు తక్కువ అన్నాడట. బరంపురంలో డాక్టరుకి చూపించుకుని వస్తూ బడా బజార్‌లో నాకొక ఎర్ర అట్ట పుస్తకం కొనుక్కొచ్చాడు. మీకు రాసే పని ఎక్కువైంది కదా బాబూ అని ఇచ్చాడు. అది వెక్కిరింపో ప్రేమో తెలియక, తీసుకుని బీరువాలో పెట్టాను. ఇంకా ఖాళీగానే ఉంది.

వారం నుంచి ఆనాటి డైరీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అంతా చదివితే తేలిపోతుందనుకున్నాను. టైంటేబిల్ వచ్చింది, జబ్బు వచ్చింది. కీ తిరిగి ఇచ్చాను, మనిషి తేరుకున్నాడు. ఇంతవరకూ చూస్తే డాక్టరమ్మ మాట నిజం. కానీ టైంటేబిల్‌కి రెండేళ్ళ ముందు, ఎవరూ అతని జోలికి పోని రోజుల్లో, ఒక పేజీ ఉంది: నీళ్ళ మావ ఆయాసపడుతూ మా అరుగు మీద కూర్చున్నాడు, మంచినీళ్ళిచ్చాను. అది నేను పూర్తిగా మరిచిపోయాను. అంటే జబ్బు ముందే ఉందా? అతను పొగాకు నమిలేవాడు. ఎండుచేప లేనిదే ముద్ద దిగేది కాదు. వాళ్ళ నాన్న ఎలా పోయాడో నేను అడగలేదు. మంచిగా ఉన్న ఏడాదిన్నరలో కూడా రెండుసార్లు ఛాతీ రుద్దుకున్నట్టుంది. అందులో ఒకటి వాన కురిసి ట్యాంకు నిండి, ఊళ్ళో ఎవరూ ఎవరినీ తిట్టని రోజు.

రెండో ఏడు వానలు వెనకపట్టాక ఒక పొద్దుట ఏడు వాల్వులూ తిప్పి ఇంటికెళ్ళాడు. కాళ్ళు కడుక్కుని, గంజన్నం పెట్టమని చెప్పి గోడకి జేరబడ్డాడు. ఆమె కంచం తెచ్చేసరికి పోయాడు.

నేను వెళ్ళి చూసి వచ్చాను. ఆమె నావైపు చూడలేదు. ఏడు వీధులూ కొత్తతనికి అప్పగించాను. అతనికి నేను చేసిన ఏర్పాటు సంగతి తెలియదు గనక పట్టిక ప్రకారం తిప్పసాగాడు. నా అబద్ధం అలా దానంతటదే ఆగిపోయింది.

తొమ్మిదో రోజు సాయంకాలం ఆమె ఆఫీసుకొచ్చింది. మైలలో ఉన్న ఆడమనిషి వీధిలోకి రాదు. అయినా వచ్చి గడప బయటే నిలబడింది. నేను లేచి వరండాలోకి వెళ్ళాను. ఆమె ఏదో చెప్పబోతుంటే, తొమ్మిది రోజులుగా నా నోట్లో నలుగుతున్న మాట నేనే ముందు అనేశాను.

"నువ్వు ఇవ్వొద్దన్నా నేను కీ ఇచ్చాను. ఇవ్వకపోతే బతికేవాడేమో కదమ్మా?"

 కోపం తెచ్చుకుంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"అది నాకేటి తెలుస్తాది బాబూ. కుర్సీలో కూకున్నన్నాలూ ఇంట్లో మాటాడనేదు. మల్లీ కీ అట్టుకున్నాక మాటాడినాడు. ఎల్లిపోనాడు. ఏది దేనికో నాను సెప్పలేను, డాక్టరుబాబూ సెప్పలేడు." కొంగు సర్దుకుంది. "రేపు పదో రోజు. రంభనించి సుట్టాలొచ్చినారు. ఇల్లు కడగాల, బట్టలు తడపాల, ఇరవై మంది తలకి పోసుకోవాల. మాది మూడో ఈది కొస ఇల్లు, రెండు బిందెలే వత్తాయి. రేపు మా ఈదికి నీల్లు ఎంతసేపు ఒగ్గుతారో సెప్పండి. అది మీకు తెలుస్తాది కదా."

నా పట్టికలో మూడో వీధికి నలభై నిమిషాలు.  ఆఫీసరుగారిని అడిగి చెప్తానన్నాను.

"ఆయన ఎవుల్నీ అడిగేవోడు కాడు బాబూ. ఎవులింట సావైనా పదో రోజు గంట ఎక్కువ ఒగ్గేవోడు. ఆ ఇంటికి కాదు, ఈది మొత్తానికి. సావింటోల్లని ఈది తిట్టుకోకూడదని. మీ కాగితం వచ్చిన యేడు రెండు సావులకి ఒగ్గలేకపోనాడు. ఆ రెండు దినాలూ అన్నం ముట్టనేదు."

అంత కాలం అదే ఆఫీసులో కూర్చుని, ప్రతి నిమిషం లెక్క కట్టిన నాకు ఈ సంగతి తెలియదు. ఆమె వెళ్ళిపోయింది. ఆఫీసరుగారు లోపల గదిలోనే ఉన్నారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మూడో వీధి వాల్వు దగ్గరికి నడిచి వెళ్ళాను. కొత్తతను తిప్పి వదిలాడు. నలభై నిమిషాలు కాగానే కీ ఎత్తాడు. ఉండనీ అన్నాను. ఎంతసేపు బాబూ అన్నాడు. నేను ఆపమనేదాకా అన్నాను. అతను పుస్తకం వైపు చూసి, నా వైపు చూసి, కీ గోడకి ఆనించాడు.

తరవాతి వంతు నాలుగో వీధిది. కాసేపటికి అక్కడి నుంచి ఖాళీ బకెట్లతో నలుగురు వచ్చారు. మా వేళ దాటిపోయింది, మూడో వీధికి ఎందుకు వదులుతున్నారని గట్టిగా అడిగారు. కొత్తతను నా వైపు చూశాడు. నా జేబులో చూపించడానికి కాగితం లేదు. అందులో పెద్దాయన ముందుకొచ్చి ఒడియాలో అడిగాడు.

"కాహార అర్డర్, బడబాబు?"

ఎవరి ఆర్డరని. ఆ ఊళ్ళో ఆ ప్రశ్న నన్ను రోజుకి పదిమంది అడిగేవారు. ఆఫీసరుగారిదని, పై ఆఫీసుదని, పట్టికదని చెప్పేవాణ్ణి.

"మోర," అన్నాను. నాది.

ఆయన ఇంకా ఏదో అన్నాడు. తక్కినవాళ్ళూ అన్నారు. వాళ్ళు తిడుతున్నారని తెలుస్తూనే ఉంది గానీ మాటలు వినపడలేదు. చెవుల్లో నా గుండె చప్పుడే మోగుతోంది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. అది భయమో, జబ్బో, మరేదో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. వీధి కొసన ఆమె తడి చేతులతో బయటికొచ్చి, చాలన్నట్టు ఒక చెయ్యి ఎత్తింది. కట్టెయ్యమని చెప్పాను.